కుండ మీద నాయన

ఉదయగిరిలో పొద్దు కుంకేది కొండ వెనకాలే. ఊరి పేరు విని, అక్కడ సూర్యుడు కొండ మీది నుంచి లేస్తాడనుకొని వచ్చినవాళ్ళు సాయంత్రం దాకా ఉంటే కొంచెం తికమక పడతారు. పొద్దుటి ఎండ ముందుగా ఆ కొండ నెత్తిన పడే మాట నిజమే. పేరు అందుకే వచ్చిందని కొందరంటారు. ఊళ్ళో కాపురం ఉండేవాళ్ళకు మాత్రం కొండ పడమటి దిక్కు. మధ్యాహ్నం దాటిన కాసేపటికే దాని నీడ ఇళ్ళ మీదికి జారుతుంది.

"ఈజిప్టోళ్ళు ఈ ఊరు చూసుంటే ఈడే సమాధులు తవ్వుకోనుండేవాళ్ళు సార్" అనేది ఆమె. "వాళ్ళకు పడమర అంటే పోయినోళ్ళ ఊరు. మనం సరిగ్గా దాని గుమ్మంలో కూచోనుండాం."

ఆమె హైస్కూల్లో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయింది. పేరు రాయను. ఎందుకు రాయడం లేదో పోను పోను తెలుస్తుంది. పనిచేసిన ఊళ్ళలో అందరూ మేడమ్ అన్నారు, నేనూ అదే అన్నాను. పొడుగ్గా, సన్నగా ఉండేది. ఏళ్ళ తరబడి పుస్తకాల సంచి మోసిన ఎడమ భుజం కాస్త వాలిపోయి ఉండేది. కళ్ళద్దాల పెట్టెలో సుద్దముక్కలు పెట్టుకొని, కళ్ళద్దాలను సంచి అడుగున పడేసేది. అడిగితే, సుద్దముక్క విరిగితే పాఠం ఆగిపోతుంది, కళ్ళద్దాలు విరిగితే నేనే గదా ఆగేది అని జవాబు.

ఎవరైనా ఏదైనా ఇబ్బంది చెప్పుకొని, చివర్లో "ఏముందిలే మేడమ్, అదే సర్దుకుంటుంది" అన్నారంటే ఆమెకు కోపం వచ్చేది. "ఏదీ దానంతట అది సర్దుకోదు సార్. ఎవురో ఒకరు సర్దాల" అనేది. ఈ మాట ఆమె నోట నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. బస్సు ఆలస్యం గురించీ, పంచాయతీ కుళాయి గురించీ, దేశం గురించీ ఇదే మాట.

సాయంత్రాలు వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కొండకు ఎదురుగా కూర్చునేది. పుస్తకం ఉండదు, ఫోను ఉండదు. సూర్యుడి అంచు కొండను తాకగానే "ఇంక దోవలో పడినాడు" అనేది. పాత ఈజిప్టువాళ్ళ నమ్మకంలో సూర్యుడు రాత్రిళ్ళు పడవెక్కి భూమి కింద చీకటి లోకంలో ప్రయాణం చేస్తాడు. దారిలో అపెప్ అనే మహాసర్పం ఆ పడవను మింగాలని కాచుకొని ఉంటుంది. రోజూ యుద్ధమే. గెలిస్తేనే మర్నాడు తెల్లవారుతుంది. ఒక్క రాత్రి ఓడిపోతే చాలు, లోకం పుట్టకముందు ఉన్న నల్లటి నీళ్ళలో అంతా కలిసిపోతుంది.

"మనకు రేపు తెల్లారతాదని గ్యారెంటీ. వాళ్ళకు లేదు సార్. అందుకే అంత బుద్ధిగా పని చేసినారు."

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం ఆత్మకూరు నుంచి ఫోను వచ్చింది. తెలియని ఆడగొంతు.

"సార్, మేడమ్ పొద్దున పోయినారు. నేను ఈడ ఆసుపత్రిలో నర్సుని. ఆమె ఫోన్లో మీ నెంబరుంటే చేసినా. ఇంకెవురికి చెప్పాలో నాకు తెలీలా." ఫోను పెట్టేసే ముందు, "మీతో ఒక సంగతి చెప్పాల సార్. ఫోన్లో కాదు" అంది.

ఆ సంగతి అర్థం కావాలంటే ముందు కుండ గురించి చెప్పాలి.

పాతికేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను ఆత్మకూరులో విలేకరిని. రెవెన్యూ ఆఫీసు చుట్టూ, మార్కెట్టు చుట్టూ, బస్సు డిపో చుట్టూ తిరగడమే ఉద్యోగం. ఒకరోజు డెస్కు నుంచి కబురు వచ్చింది. మర్రిపాడు వైపు ఒక స్కూల్లో టీచరమ్మ పిల్లల చేత చేతబడి చేయించిందట, దాని దెబ్బకు ఒక మనిషి పోయాడట, ఫోటోతో సహా పంపమన్నారు.

అదంతా మెట్ట. వాన పడితే పంట, పడకపోతే గొర్రెలు, రెండూ లేకపోతే బద్వేలు రోడ్డు మీద లారీ పని. నేను బస్సు దిగి స్కూలుకు నడిచేసరికి హెడ్మాస్టరు వరండాలోనే ఎదురొచ్చాడు. విలేకరినని చెప్పగానే ఆయన ముఖంలో కొంత భయం, కొంత ఊరట కనిపించాయి. తన మీదికి రాకుండా అంతా ఆమె మీదికి తోసేయవచ్చని ఊరట.

"ఈమె పాఠం చెప్పే వరసే వేరు సార్. ఈ పేపరు చూడండి" అని పరీక్ష పేపరు ఒకటి చేతిలో పెట్టాడు. అందులో ఒక పిల్లవాడు "ఈజిప్టు రాజు ప్రతిరోజూ దేవుడికి మాట ఇచ్చును" అని రాశాడు. పక్కన పూర్తి మార్కులు.

"దేవత పేరు మాత్. పిలకాయలకు అది మాట అని ఇనపడింది. క్లాసంతా అట్నే రాసి పెట్టినారు. తప్పు గదా? తప్పుకు మార్కులేసే టీచర్ని యాడన్నా చూసినారా?"

స్టాఫు రూములో ఆమె ఒక్కతే ఉంది. మిగిలిన టీచర్లు కుర్చీలు చెట్టు కిందికి లాక్కున్నారు. నేను నా సంగతి చెప్పుకొని, ముందుగా మార్కుల గురించే అడిగాను.

"ఏం తప్పు రాసినారు సార్?" అంది. "ఆ దేవత నెత్తిన ఒక ఈక ఉంటాది. ఆమె అంటే నిజం, న్యాయం, ఏది యాడుండాలో ఆడ ఉండటం. రాజు ఆ బొమ్మను అరచేతిలో పెట్టుకోని దేవుడికి చూపిస్తాడు, ఈ పొద్దు కూడా లోకం చెదరకుండా చూసుకుంటానని. అది మాట ఇయ్యడం గాకపోతే ఏంది?"

ఆమె నవ్వింది. సూర్యదేవుడి పేరు దగ్గర ఇంతకంటే పెద్ద గొడవ జరిగిందని చెప్పింది. ఆయన పేరు 'రా'. ఒక పిల్ల లేచి, "దేవుణ్ణి పట్టుకోని రా అంటే బాగుంటాదా మేడమ్? రండి అనాల గదా?" అన్నదట. అప్పటినుంచి ఆ క్లాసుకు సూర్యుడు రండిగారు. సాయంత్రం బెల్లు కొట్టగానే "రండిగారు పడవెక్కినారు మేడమ్" అని అరుస్తూ ఇళ్ళకు పోయేవాళ్ళట.

కుండ కథ కూడా ఆ పాఠంలోదే. పాము పడవను మింగకుండా సూర్యుడికి సాయం చేయడానికి అక్కడి పూజారులు మైనంతో పాము బొమ్మ చేసి, దాని మీద ఉమ్మి, ఎడమ కాలితో తొక్కి, కత్తితో కోసి, నిప్పుల్లో వేసేవాళ్ళు. ఎర్రటి కుండల మీద శత్రువుల పేర్లు రాసి పగలగొట్టేవాళ్ళు. పుస్తకంలో చదివితే పిల్లలకు ఎక్కలేదు. ఆమె ఇంట్లో ఉన్న పాత నీళ్ళకుండ, నాలుగు బొగ్గులు తెచ్చింది.

"మనుషుల పేర్లు రాయబాకండి. మీ ఇంట్లో దేనివల్ల అంతా చెదిరిపోతా ఉండాదో అది రాయండి" అని చెప్పింది.

పిల్లలు వరసగా వచ్చి రాశారు. కరువు అని ఒకరు, తేలు అని ఒకరు, చలిజ్వరం అని ఒకరు. లెక్కలు అని చాలామంది. ఒకడు హెడ్మాస్టరు అని మొదలుపెడితే చెరిపించింది. తర్వాత అందరూ స్కూలు వెనక్కి పోయి కుండను పగలగొట్టి, ఎడమ కాళ్ళతో తొక్కి, నవ్వుకుంటూ ఇళ్ళకు పోయారు.

మర్నాడు స్కూలు వెనక మేకలు మేపుకుంటున్న ఒకాయనకు పెద్ద పెంకు దొరికింది. దాని మీద బొగ్గుతో రాసిన అక్షరాలు చెరగలేదు. నాయన అని ఉంది.

మా వైపు తండ్రిని నాయన అంటారు. ఎవరి పేరో ఉంటే ఆ ఒక్కడే వచ్చి పోట్లాడి పోయేవాడు. నాయన అని ఉండేసరికి, ఆ క్లాసు పిల్లల తండ్రులందరూ స్కూలు ముందుకు వచ్చారు. హెడ్మాస్టరు ఆ రభస అంతా నాకు అభినయించి మరీ చెప్పాడు.

"ఏ నాయన మేడమ్ ఇది?"

"మా పాప అట్టా రాసే రకం కాదు. వీడి కొడుకే రాసుంటాడు, వీడు కొట్టే దెబ్బలకు."

"రేయ్, నేనెప్పుడు కొట్టినాన్రా? నువ్వు గాదా మొన్న చెప్పు తీసుకోని వాడి ఎంట పడింది?"

"ఎవురిదైతే ఏంది? నాయన అని రాసి కాలితో తొక్కిస్తారా? ఇదేం చదువు?"

చివరికి ఒకాయన తెలివైన మాట అన్నాడు. "పలకలు తెప్పించండి సార్. అందరి చేతా నాయన అని రాయించండి. ఎవురి అక్షరమో తెలిసిపోతాది."

హెడ్మాస్టరుకు అది బాగా నచ్చింది. పిల్లల్ని వరసలో నిలబెట్టాడు. పలకలు వచ్చాయి. అప్పుడు మేడమ్ వరండాలోంచి దిగి వచ్చి, తండ్రుల ముందు నిలబడి అంది. "పిలకాయల్ని వదిలిపెట్టండి. అది రాసింది నేను. మా నాయన గురించి."

అది అబద్ధం. ఇప్పుడు చెప్పవచ్చు కాబట్టి చెబుతున్నాను. ఆ అక్షరాలు రాసింది వరస చివర్లో నిలబడిన ఒక ఆడపిల్ల. ఆ పిల్ల తండ్రి లారీ డ్రైవరు. తాగి వచ్చిన రోజు అన్నం గిన్నెను వీధిలోకి విసిరేవాడు, ఆ వెనకే భార్యను. ఇంట్లో దేనివల్ల అంతా చెదిరిపోతోందో రాయమంటే ఆ పిల్ల ఉన్నది ఉన్నట్టు రాసింది. మేడమ్ అప్పుడే చూసింది. చెరిపిస్తే క్లాసంతా చూస్తుందని ఊరుకుంది. తండ్రులందరూ వెళ్ళిపోయాక ఆ పిల్లను పక్కకు పిలిచి, "నేను ఎవురికీ చెప్పను. నువ్వూ చెప్పబాక" అని మాట ఇచ్చింది.

కొన్ని వారాలకు బద్వేలు దారిలో లారీ బోల్తా పడి ఆ పిల్ల తండ్రి పోయాడు. ఊరు తన లెక్క తాను వేసుకుంది. బస్సు కోసం నిలబడినప్పుడు టీకొట్టు దగ్గర ఒకతను నాకు అది వివరంగా విప్పి చెప్పాడు. "ఆమె ఏసింది వాళ్ళ నాయన మీద సార్. ఆయనేమో ప్రార్థనపరుడు, తగల్లా. ఏసినది ఊరికే పోదు గదా? తిరుక్కోని మనోడికి తగిలింది."

స్టాఫు రూములో నేను ఆమెను సూటిగానే అడిగాను. నిజంగా మీరే రాశారా అని.

"ఊరి ముందర చెప్పినా గదా సార్."

"మీ నాయన మిమ్మల్ని అంతగా ఏం చేశారు?"

"మా అయ్య నన్ను టీచర్ని చేసినాడు" అని మాత్రం అంది. సంచిలోంచి కాగితం పొట్లం తీసి ఎండిన ఉసిరి ముక్క ఒకటి నా చేతిలో పెట్టింది. అడక్కూడనిది అడిగితే ఆమె ఇచ్చే జవాబు అదేనని తర్వాత తర్వాత తెలుసుకున్నాను.

వార్త ఏమీ లేదని డెస్కుకు చెప్పాను. వాళ్ళు నిరాశపడ్డారు.

ఆమె తండ్రి కలువాయిలో ఉండేవాడు. తరాల నుంచి బాప్టిస్టు కుటుంబం. ఆయనా టీచరుగా చేసి రిటైరయ్యాడు, సంఘ పెద్ద, చర్చిలో ప్రభు బల్ల దగ్గర నిలబడి అందరికీ రొట్టె అందించే మనిషి. అబద్ధమాడని మనిషని పేరు. అటువంటి తండ్రి మీద కూతురు ఊరందరి ముందు నింద వేసింది. మర్రిపాడు మాట కలువాయి చేరడానికి ఎంతసేపు పడుతుంది? బస్సులు తిరుగుతూనే ఉంటాయి. ఆమె ఆ పిల్లను కాపాడిన క్షణంలోనే తండ్రిని పణంగా పెట్టింది. ఆయన ఏమనుకుంటాడో, మళ్ళీ తన ముఖం చూస్తాడో లేదో అన్నది అప్పటినుంచీ ఆమె మెడకు వేలాడిన బరువు.

తర్వాత ఆమెను ఉదయగిరికి బదిలీ చేశారు. కుండ మాట ఆమె కంటే ముందే ఆ ఊరు చేరింది. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి ఇంట్లో ఇంకొకరు లేరు. మండల మీటింగులకు వెళ్ళినప్పుడల్లా నేను ఆ ఇంట్లో టీ తాగి వచ్చేవాణ్ణి. ఉద్యోగం మానేశాక ఊరికే టీ కోసమే పోయేవాణ్ణి.

ఆమె ఇల్లు ఊడ్చే తీరు చూసి వీధిలోవాళ్ళు జడిసేవాళ్ళు. వెనక్కి నడుస్తూ ఊడ్చేది. లోపలి గదిలో మొదలుపెట్టి, వీపు వాకిలి వైపు పెట్టి, తన అడుగులు తానే తుడుచుకుంటూ బయటికి వచ్చేది. ఈజిప్టు గుళ్ళలో పూజారి పొద్దున్నే దేవుణ్ణి నిద్రలేపి, కడిగి, బట్ట కట్టి, తిండి పెట్టి, తిరిగి వచ్చేటప్పుడు అట్లాగే తన అడుగుజాడలు ఊడ్చుకుంటూ వచ్చేవాడట.

"చూసేవాళ్ళు ఇంకేదో అనుకుంటారు మేడమ్" అన్నాను ఒకసారి.

"అనుకోనీండి. ఇంకెవురి అడుగులూ పడవు గదా ఈ ఇంట్లో, పని తొందరగా అయిపోతాది" అంది.

క్రిస్మసుకు పిండివంటలు చేసి, వీధిలో అందరికీ పళ్ళేల్లో పెట్టి పంపేది. వాళ్ళు నవ్వుతూ తీసుకునేవాళ్ళు, పళ్ళెం కడిగి పంపేవాళ్ళు. తినేవాళ్ళు కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. "నా చేతి వంట మేకలకు బాగా పట్టింది సార్. ఈ వీధి మేకలకు క్రిస్మస్ ఎప్పుడో బాగా తెలుసు" అనేది. చెప్పి పెద్దగా నవ్వేది. నేను నవ్వలేకపోయేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి మళ్ళీ అన్నీ చేసి, మళ్ళీ అన్ని ఇళ్ళకూ పంపేది.

తండ్రి గురించి ఎప్పుడో గాని ఎత్తేది కాదు. ఎత్తినప్పుడు కూడా ఒకటి రెండు మాటలే. "ఆయన ఇప్పుడు బల్ల దగ్గర నిలబడటం లేదంట సార్. వెనక బెంచీలో కూచుంటా ఉండాడంట. నా వల్ల తల ఎత్తుకోలేకపోయినాడు."

"ఒకసారి పోయి కలవండి మేడమ్."

"పోయి ఏం చెప్పేది సార్?" అంది. నేను లేవబోతుంటే, మళ్ళీ అదే అడిగింది. "పోయి ఏం చెప్పేది?"

ఒక సాయంత్రం త్రాసు గురించి చెప్పింది. మనిషి పోయాక గుండెను తీసి త్రాసులో ఒక పక్క పెడతారని, రెండో పక్క ఆ దేవత నెత్తిన ఉండే ఈక పెడతారని ఈజిప్టువాళ్ళ నమ్మకం. గుండె బరువు తూగిందంటే, పక్కనే మొసలి మూతితో ఒక జంతువు కాచుకొని ఉంటుంది, మింగేస్తుంది. ఆ త్రాసు ముందు నిలబడి, నేను అబద్ధం ఆడలేదు అని మనిషి చెప్పుకోవాలి.

"మరి, ఆడకపోతే అంతా చెదిరిపోతాదని ఆడినోళ్ళ సంగతేంది సార్? వాళ్ళ గుండె బరువుంటాదా, తేలిగ్గా ఉంటాదా?"

"మీ బైబిల్లో ఏముంది?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"అందులో త్రాసు పట్టుకోని మా అయ్య నిలబడుండాడు సార్" అంది.

ఏ అబద్ధం మేడమ్ అని అడిగితే ఉసిరి ముక్క వచ్చింది.

తండ్రి పోయిన రోజు ఆమెను అనుకోకుండా ఆత్మకూరు బస్టాండులో చూశాను. తెల్లచీర కట్టుకొని, ఉదయగిరి బస్సు ఆగే చోట బెంచీ మీద నిటారుగా కూర్చొని ఉంది. "మా అయ్యను పెట్టొచ్చినా సార్" అంది. సమాధుల దొడ్డి గేటు దాకా పోయి, అక్కడే నిలబడి, మన్ను వేయడం అయిపోయాక తిరిగి వచ్చేసిందట.

"ఎవరన్నా పలకరించారా?"

"మా తమ్ముడు చూసినాడు" అంది.

ఆమెను ఉదయగిరిలోనే పూడ్చాం. పాస్టరు గారు, సంఘంలో ముగ్గురు నలుగురు, నేను, నర్సు. తమ్ముడి నెంబరు ఆమె ఫోనులో లేదు. కొండ నీడ అప్పటికే సమాధుల మీదికి వచ్చేసింది. మిగిలినవాళ్ళు వెళ్ళిపోయాక నర్సు చెప్పుల్లోని మట్టి దులుపుకుంటూ నా పక్కకు వచ్చింది. ముప్పై దాటిన మనిషి. మాట్లాడేటప్పుడు రెప్ప వేయకుండా చూస్తుంది.

"ఆ కుండ మీద రాసింది నేను సార్" అంది.

అంతా చెప్పింది. తండ్రి పోయాక తల్లి ఆమెను తీసుకొని ఆత్మకూరు వచ్చేసింది. తానే తండ్రిని చంపానని ఆ పిల్ల చాలా ఏళ్ళు నమ్మింది. "ఊరు వదిలే రోజు మేడమ్ బస్సు దగ్గరికి వచ్చి ఒకటే చెప్పినారు సార్. కుండ మట్టిది, లారీ ఇనుపది, మట్టి పగిలితే ఇనుము బోల్తా పడదు అని. దాన్నే పట్టుకోని బతికినా." తర్వాత ఎప్పుడూ కలవలేదు. ఈమధ్య మేడమ్ ఆయాసంతో ఆసుపత్రిలో చేరింది. ఈమె కేసు షీటు మీద ఏదో రాస్తుంటే, మంచం మీది నుంచే చూసి, "నీ అక్షరం ఇంకా అట్నే ఉండాదే" అన్నదట.

"నేను పోయి మీ వాళ్ళకు చెప్పేస్తా మేడమ్ అన్నా సార్. నేనుండగా వద్దు, నీకు మాట ఇచ్చినా గదా అన్నారు. నేను పోయినాక నీ ఇష్టం అన్నారు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నాకు ఇష్టమే సార్. మీరు తోడొస్తారా?"

తన పేరు రాయమని కూడా అడిగింది. నేనే రాయడం లేదు. మేడమ్ పేరు రాసినా, ఆ ఊరివాళ్ళు ఆ ఏడు ఆ క్లాసులో ఉన్న ఆడపిల్లల్ని గుర్తు చేసుకొని లెక్క తేలుస్తారు. పోయినవాళ్ళ పేరు పలుకుతున్నంత కాలం వాళ్ళు బతికున్నట్టేనని ఈజిప్టువాళ్ళు నమ్మేవాళ్ళట. ఆ ప్రకారం నేను చేస్తున్నది ఆమెకు అన్యాయమే. తెలిసే చేస్తున్నాను.

తర్వాతి ఆదివారం ఇద్దరం కలువాయి బస్సెక్కాం. తమ్ముడి ఇల్లు అడిగితే వెంటనే చూపించారు. ఆయన కూడా అక్క మాదిరే పొడుగు. వాకిట్లో నులకమంచం వదులైతే బిగించుకుంటున్నాడు. నేను ఎవరినో చెప్పి, మీ అక్క పోయిందని చెప్పాను.

"ఇన్నాను" అన్నాడు. "పూడ్చినాక తెలిసింది. కూచోండి."

నర్సు కూర్చోలేదు. "అన్నా, ఆ కుండ మీద నాయన అని రాసింది మేడమ్ కాదు. నేను" అంది. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాట అది.

ఆయన నులక లాగడం ఆపలేదు. "మేడమ్ కాదని తెలుసమ్మా" అన్నాడు.

"ఎట్టా తెలుసు?"

"మా ఇంట్లో నాయన అనే పిలుపే లేదు. మేం ఆయన్ని పుట్టినప్పటినుంచి అయ్యా అనే పిలిచినాం. ఆమే రాసుంటే అయ్య అని రాసేది గదా? సంగతి చెవిన పడిన రోజు మా అయ్య నవ్వినాడు. ఎవురి బిడ్డనో ఎనకేసుకొస్తా ఉండాది అన్నాడు."

నర్సు అప్పుడు అరుగు మీద కూర్చుంది.

ఆయన చెప్పుకుంటూ పోయాడు. సంఘంవాళ్ళు నలుగురు ఇంటికి వచ్చి, నీ కూతురు నీ మీద కుండ పగలగొట్టిందంట గదా, ఏందయ్యా ఇది అని అడిగారట. కాదు అన్నాడంటే, మరి ఎవరు రాశారు అనే ప్రశ్న మళ్ళీ ఆ స్కూలుకే పోతుంది. "అందుకని మా అయ్య, నిజమే, చిన్నప్పుడు దాన్ని బాగా కొట్టేవాణ్ణి, అది మనసులో పెట్టుకోని రాసుంటాది అన్నాడు. ఒక్క దెబ్బ కొట్టలేదమ్మా ఆయన. ఆమెనూ కొట్టలా, నన్నూ కొట్టలా. ఆ ఆదివారం బల్ల దగ్గరికి పోలా. అబద్ధం ఆడిన మనిషి ఆ రొట్టె ఇయ్యకూడదు అన్నాడు. వెనక బెంచీలో కూచున్నాడు, పోయేదాకా."

వెనక బెంచీ గురించి ఆమె నాతో అన్న మాటను ఆయనకు చెప్పలేదు. ఇంకొకటి అడిగాను. "ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదా?"

"ఆయన చెప్పనీలా. ఇప్పుడు మనం పోతే జనం చూస్తారు, కోపం లేదని తెలిసిపోతాది, ఆ బిడ్డ బయట పడతాది, చల్లారనీ, తనే వస్తాది అన్నాడు. ఆమె రాలా."

"మీ అయ్య పోయాక?"

నులక ఆయన చేతిలో ఆగింది. "నాకు కోపం సార్. ఆయన వెనక బెంచీలో కూచునేది వారం వారం చూసింది నేను. ఆమె గాదు. మన్ను పోసేటప్పుడు గేటు దగ్గర నిలబడుంటే చూసినా. పోయి చెబుదామనే అనుకున్నా. మళ్ళా, లోపలికి రానీ, ఆమే రానీ అనుకున్నా. బస్సొచ్చింది, ఎక్కి పోయింది."

ఇంట్లోంచి ఎవరో కుండలోని నీళ్ళు ముంచి తెచ్చి ఇచ్చారు. తాగాం. ఆయన నర్సు వైపు చూశాడు.

"ఆమెకు చెప్పాల్సింది నీకు చెప్పినానమ్మా" అన్నాడు. "సరిపోతాదా?"

ఆసుపత్రిలో రోజూ మనుషులకు ధైర్యం చెప్పే మనిషి కదా, సరిపోతుందనే అంటుందనుకున్నాను.

"సరిపోదన్నా" అంది.

ఆయన తలూపాడు. నులక కొసను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు గాని, బిగించలేదు.